పల్లె మాటలు – 17: ల్యాగ్ అంటే ఎవరి టైమ్?



ఈ వారం స్కాలర్‌షిప్పుల గురించి రాస్తానని మాటిచ్చాను. అది వచ్చే వారానికి వాయిదా వేస్తున్నాను, ఏమనుకోవద్దు. పది రోజులుగా ఒక ప్రశ్న నన్ను పట్టుకుని వదలడం లేదు. సినిమాలో ఒక సీన్ ఎంతసేపు ఉండాలి?

"అన్న ఉద్యమం వదిలేసి సినిమాల మీద పడ్డాడేంది" అనుకునేవాళ్ళు కూడా ఒక్కసారి చివరిదాకా చదవండి. నేనూ మొదట అదే అనుకున్నాను.

సంగతి ఇదీ. నరసరావుపేటలో డిగ్రీ చదివే మన పిల్లలు ఐదుగురు కలిసి ఒక షార్ట్ ఫిల్మ్ తీశారు. సెల్‌ఫోన్‌తోనే తీశారు. ట్రైపాడ్ కూడా ఎవరినో అడిగి తెచ్చుకున్నదే. కథ చిన్నది. గురజాల వైపు ఒక పల్లె. మిరప కల్లాల్లో కూలికి పోయే తల్లి, కాలేజీకి పోయే కొడుకు. దారికి అడ్డంగా పెట్టిన బండి తీయమన్నందుకు కొడుకుని కొడతారు. తెల్లారితే తల్లి ఆ బండి గలాయన కల్లంలోకే పనికి పోవాలి. పోతుందా, పోదా? అంతే కథ. నిడివి 22 నిమిషాలు.

అందులో రెండు పొడుగు సీన్లున్నాయి. ఒకటి, తల్లి కల్లంలో కూర్చుని తాలుకాయలు ఏరే సీన్. ఎక్కడా కట్ లేకుండా నాలుగు నిమిషాలు. రెండోది, కొడుకుని కొట్టే సీన్. అది ఆరు నిమిషాలు.

ఒక పోటీకి పంపారు. సెలెక్ట్ కాలేదు. దానికెవరూ ఏడవలేదు. అయితే జడ్జిల్లో ఒకాయన ఫోన్ చేసి మర్యాదగానే మాట్లాడాడట. "కొట్టే సీన్ అదిరింది బ్రదర్, ముట్టుకోవద్దు. ఆ మిరపకాయల సీన్ మాత్రం బాగా ల్యాగ్. ముప్పై సెకన్లకు కోసేయండి, సినిమా పరిగెత్తుద్ది" అన్నాడట.

డైరెక్షన్ చేసిన తమ్ముడు ఆ రాత్రి పదకొండింటికి నాకు ఫోన్ చేశాడు. "అన్నా, కోసేయమంటావా?"

"వద్దు" అన్నాను. కోపంతో అన్నాను. పెట్టేశాక ఆలోచిస్తే నాకే సిగ్గేసింది. ఎందుకు వద్దో నేను చెప్పలేదు. ఎడిటింగ్ దగ్గర నినాదం పనిచెయ్యదు. కారణం చెప్పాలి. ఆ కారణం వెతుక్కుంటూ ఈ పది రోజులు గడిచినయ్యి.

*

ముందు మన పల్నాడు సంగతే చూద్దాం. పొడుగు కథ మనకి కొత్త కాదు. కారంపూడిలో ఏటా కార్తీకమాసంలో పల్నాటి వీరుల ఉత్సవాలు ఐదు రోజులు జరుగుతాయి. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్ళిపాడు. రోజుకో ఘట్టం. కోడిపోరు ఎవరు గెలుస్తారో, మందపోరులో ఎవరు పోతారో అక్కడికొచ్చిన ప్రతివాడికీ తెలుసు. అయినా వస్తారు, రాత్రంతా ఉంటారు. ఒక్కడు కూడా "ల్యాగ్" అనడు.

ఆ కథని తరతరాలుగా నోటి మీద బతికించింది ఎవరు? విద్యావంతులు. మాలవాళ్ళు. ఆ పాటని వాళ్ళలో ఒకరైన అలిశెట్టి గాలెయ్య పాడగా రికార్డు చేసి, ఇంగ్లీషులోకి తెచ్చి జీన్ రోఘైర్ ఒక పెద్ద పుస్తకం చేశాడు. 1982లో ఆక్స్‌ఫర్డ్ వాళ్ళు వేశారు. చాపకూడు గురించి, మాల కన్నమదాసు సేనాపతి కావడం గురించి మన ముసలాళ్ళు ఈరోజుకీ కళ్ళకు కట్టినట్టు చెబుతారంటే, ఆ కథకి ఎవరూ టైమ్ కోయకపోవడమే కారణం.

అదే కథ సినిమా అయినప్పుడు ఏమైంది? 1938లో 'మాలపిల్ల' తీసిన గూడవల్లి రామబ్రహ్మమే 'పల్నాటి యుద్ధం' మొదలుపెట్టాడు. మధ్యలో, 1946లో చనిపోయాడు. ఎల్వీ ప్రసాద్ పూర్తి చేస్తే 1947లో వచ్చింది. అందులో బాలచంద్రుడు అక్కినేని, నాగమ్మ కన్నాంబ. 1966లో మళ్ళీ తీశారు. బ్రహ్మనాయుడు ఎన్టీఆర్, నాగమ్మ భానుమతి. ఇవన్నీ మీ ఇంట్లో పెద్దాళ్ళకి గుర్తుంటాయి. ఇప్పుడు అదే పెద్దాళ్ళని ఇంకో ప్రశ్న అడగండి: ఆ సినిమాల్లో కన్నమదాసు వేషం ఎవరు వేశారు? ఎంతమంది చెబుతారో చూడండి.

ఐదు రోజుల కథని రెండు మూడు గంటల్లోకి కుదించాలంటే ఎవరో ఒకరు కుదించుకుపోవాలి. అది సినిమా తప్పు కాదు. ఎవరు కుదించుకుపోతారన్నదే అసలు ప్రశ్న.

అయితే ఇక్కడ నిజాయితీగా ఒక మాట ఒప్పుకోవాలి. కారంపూడి వేరు, సినిమా హాలు వేరు. తిరునాళ్ళలో నిద్రొస్తే పడుకుంటాం. లేచి టీ తాగి మళ్ళీ వస్తాం. పాడేవాడు మన మొహం చూసి ఒకచోట సాగదీస్తాడు, ఇంకోచోట తొందరపెడతాడు. సినిమా మన మొహం చూడదు. చీకట్లో కూర్చోబెట్టి, ఇటు చూడమంటుంది. కాబట్టి అందులో ఒక సీన్ పొడుగ్గా ఉందంటే ఆ పొడుగుకి జవాబుదారీ ఉండాలి. "మాది దళిత సినిమా, నెమ్మదిగానే ఉంటది, ఓపికుంటే చూడండి" అనడం జవాబు కాదు.

*

సరే, ఓపిక దగ్గరికే వద్దాం. ఈ తరానికి ఓపిక లేదు, రీల్స్ చూసి చూసి అంతా పాడైపోయారు అంటుంటారు. నిజమేనా? 2024 డిసెంబర్‌లో 'పుష్ప 2' వచ్చింది. మూడు గంటల ఇరవై నిమిషాలు. జనం కూర్చున్నారు. నెలన్నర తిరక్కుండానే, 2025 జనవరి 17న, ఇంకో ఇరవై నిమిషాలు కలిపి మళ్ళీ వదిలారు. దానికీ వెళ్ళారు. అదే ఏడాది అక్టోబర్ 31న రెండు బాహుబలులు కలిపి ఒకే సినిమాగా మూడు గంటల నలభై ఐదు నిమిషాలు వేశారు. దానికీ వెళ్ళారు. మరి ఓపిక లేనిదెవరికి?

నేను 'పుష్ప'ని తిట్టడానికి రాయట్లేదు. జాతర సీన్ నాకూ నచ్చింది. ఆ ఆట, ఆ చీర, ఆ కోపం పొడుగ్గా ఉండబట్టే పనిచేశాయి. సగానికి కోస్తే మామూలు పాట అయిపోయేది. మగతనం తప్ప ఇంకేదీ తెలియనట్టు తిరిగే మనిషి ఆడ వేషంలో ఎంతసేపు నిలబడతాడో చూపించాలంటే టైమ్ పడుతుంది. పొడుగు సీన్ ఇంపుగా పనిచేసిన చోటు అది.

కానీ ఆ కథ నడిచేది ఎర్రచందనం కూలీ చెమట మీద. 2015 ఏప్రిల్ 7న శేషాచలం అడవుల్లో పోలీసు కాల్పుల్లో 20 మంది కూలీలు చచ్చిపోయారు. అందరూ తమిళనాడు నుంచి కూలికొచ్చినవాళ్ళే. చెట్టు నరికేటప్పుడు చేతులు ఎట్టా ఉంటాయి, దుంగ మోసేటప్పుడు నడుం ఎట్టా ఉంటది, రాత్రి అడవిలో వాళ్ళు ఏం మాట్లాడుకుంటారు? ఇరవై నిమిషాలు అదనంగా దొరికినప్పుడు ఇందులో దేనికి ఎంత దక్కిందో మీరే చూసి చెప్పండి. హీరో నడకకి స్లో మోషన్ ఇస్తే దాని పేరు ఎలివేషన్. కూలీ పనికి మామూలు స్పీడే ఇస్తే దాని పేరు ల్యాగ్. మన మిరప కల్లం సంగతీ అంతే. తెలుగు సినిమాలో పైనుంచి డ్రోన్ షాట్‌లో మూడు సెకన్లు ఎర్రగా మెరుస్తది. తర్వాత ఆ కల్లంలోకి సుమోలు దిగుతాయి.

*

ఇప్పుడు మన పిల్లలు తీసిన మిరపకాయల సీన్ దగ్గరికి వస్తాను. చాలాసార్లు చూశాను, చేతిలో గడియారం పెట్టుకుని.

మొదటి అరనిమిషం కనిపించేది ఎరుపే. చూడ్డానికి బాగుంటది, క్యాలెండర్ బొమ్మలాగా. నిమిషం దాటాక ఆ అందం అయిపోతుంది, చేతులు కనపడతాయి. కాయ తీయడం, చూడడం, తెల్లబోయిన తాలుకాయని పక్కకి పడేయడం. రెండో నిమిషంలో ఘాటుకి దగ్గు. చెంగు మూతికి కట్టుకుంటుంది. కళ్ళల్లో నీళ్ళొస్తే భుజం పైకెత్తి జాకెట్టుకి తుడుచుకుంటుంది, చెయ్యి కంటి దగ్గరికి పోనివ్వదు. మూడో నిమిషంలో వేపచెట్టుకు కట్టిన ఉయ్యాల్లో ఎవరిదో బిడ్డ ఏడుస్తాడు. తల్లి ఎక్కడో దూరంగా బస్తాలు పడుతోంది. ఈమె లేచి పోతుంది. బిడ్డని అరచేతులతో ఎత్తుకోదు. వేళ్ళు ముడుచుకుని, రెండు మోచేతుల మధ్య ఎత్తుకుంటుంది. పిడికిళ్ళు గాల్లోకి. అట్టాగే నిలబడి ఊపుతుంది.

మిరప కూలికి పోయిన తల్లుల కడుపున పుట్టినవాళ్ళకి ఇది చెప్పక్కర్లేదు. ఆ చేతులు బిడ్డకి తగిలితే రాత్రంతా మంట. మా అమ్మ నన్ను అట్టాగే ఎత్తుకునేదని మా మేనత్త చెప్పేది. నేను మర్చిపోయాను. సినిమా చూసినప్పుడు గుర్తొచ్చింది.

ముప్పై సెకన్లకు కోస్తే ఏమవుతుంది? ఎరుపు మిగులుతుంది. మోచేతులు పోతాయి. పోనీ మోచేతుల ముక్క ఒక్కటే ఉంచితే? "ఈమె ఎందుకట్టా ఎత్తుకుంది" అని చూసేవాడికి అర్థం కాదు. మొదటి మూడు నిమిషాలూ ఆ ఒక్క పని అర్థం కావడానికే.

ఇంకా అసలైంది ఉంది. సినిమా చివర్లో, దెబ్బలు తిన్న కొడుకు ఇంటికొచ్చి అరుగు మీద కూలబడతాడు. తల్లి దగ్గరికొచ్చి చెయ్యి చాపి, ఆపేస్తుంది. పగిలిన ఒంటిని ఆ చేతులతో ముట్టుకోలేదు. ఆ సీన్ పన్నెండు సెకన్లు. ఒక్క మాట లేదు. చూసేవాళ్ళ గుండె అక్కడ ఆగుతుంది. కల్లం సీన్ కోసేస్తే ఆ పన్నెండు సెకన్లు చచ్చిపోతాయి. లేకపోతే తల్లి చేత డైలాగ్ చెప్పించాలి, కొడుకు చేత జవాబు చెప్పించాలి, రెండు నిమిషాలు ఏడిపించాలి.

నాకు దొరికిన కారణం ఇదే తమ్ముళ్ళూ. సినిమా వేగాన్ని నిమిషాలతో కొలవకూడదు. సీన్ మొదట్లో నాకు తెలియనిది సీన్ నడిచేకొద్దీ తెలుస్తూ ఉందా లేదా? తెలుస్తుంటే అది నాలుగు నిమిషాలైనా పరిగెత్తినట్టే. తెలియడం ఆగిపోయాక అర నిమిషమైనా సాగదీతే. ఒకచోట ఓపిగ్గా పెట్టిన టైమ్ ఇంకోచోట మాటలు, ఏడుపులు మిగులుస్తుంది.

*

ఇదే కొలతతో ఆ రెండో సీన్ కొలిచాను. అప్పుడు నా చెంప మీద నేనే కొట్టుకోవాల్సి వచ్చింది.

ఆ కొట్టే సీన్ ఆరు నిమిషాలు ఉండాలని పట్టుబట్టింది నేనే. పిల్లలు రెండు నిమిషాలే అనుకున్నారు. "పూర్తిగా చూపించండి, వాళ్ళు సీట్లో కూర్చోలేకపోవాలి" అని స్క్రిప్టు దగ్గరే చెప్పాను.

పోటీకి పంపకముందు ఒక పల్లెలో, చర్చి గోడకి దుప్పటి కట్టి వేశాం. కల్లం సీన్ వచ్చినప్పుడు ఆడవాళ్ళు మాట్లాడుకుంటూనే ఉన్నారు, కానీ సినిమా గురించే. "ఆ కాయ తాలు కాదే, మంచిదే పడేసింది" అని ఒకామె నవ్వింది. కొట్టే సీన్ వచ్చింది. మొదటి నిమిషం అంతా నిశ్శబ్దం. రెండో నిమిషానికి ముందు కూర్చున్న పిల్లలు దెబ్బ దెబ్బకీ "డిష్యుం" అంటున్నారు. నాలుగో నిమిషంలో ఒక పెద్దమ్మ మనవళ్ళిద్దర్నీ లేపుకుని ఇంటికి పోయింది.

అయిపోయాక వెళ్ళి అడిగాను. "ఏం పెద్దమ్మా, నచ్చలేదా?"

"బాగానే ఉంది నాయనా. మా ఆయన్ని కొట్టినప్పుడు నేను పక్కనే ఉన్నా. మళ్ళీ చూపించాల్నా నాకు?"

ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. ఆరు నిమిషాల్లో ఆమెకి కొత్తగా తెలిసింది ఏమీ లేదు. తెలియనివాళ్ళ కోసం అనుకుందామా? వాళ్ళకి కూడా మొదటి నిమిషంలోనే తెలిసిపోయింది. మిగతా ఐదు నిమిషాలు తమాషా. పోటీ జడ్జికి "అదిరింది" అనిపించింది ఆ తమాషానే. మన ఒంటి మీద పడే దెబ్బ సినిమాకి స్పీడ్ తెస్తుందంట, మన చేతి పని ల్యాగ్ తెస్తుందంట. ఆయన మీద కోపం తెచ్చుకున్నాను గానీ, ఆ సీన్ అంత పొడుగు పెట్టించింది నేను.

2021లో 'జై భీమ్' వచ్చినప్పుడు కూడా ఈ చర్చ జరిగింది. 1993లో జరిగిన నిజం కేసు మీద తీసిన సినిమా. న్యాయవాదిగా ఆ కేసు గెలిచిన చంద్రు తర్వాత జస్టిస్ చంద్రు అయ్యాడు. ఆ సినిమా వల్ల లాకప్ చావుల గురించి మాట్లాడనివాళ్ళు కూడా మాట్లాడారు. అది చిన్న మేలు కాదు. కానీ స్టేషన్లో హింస సీన్లు మళ్ళీ మళ్ళీ వస్తుంటే మా ఇంట్లో ఆడవాళ్ళు లేచి పోయారు. అదే సినిమా చివర్లో చిన్నపిల్ల కుర్చీలో కాలు మీద కాలేసుకుని, లాయర్ లాగా పేపర్ పట్టుకుని కూర్చుంటుంది. కొద్ది క్షణాలే. మన పిల్లల వాట్సాప్ డీపీల్లోకి వచ్చింది ఏ సీనో గుర్తుచేసుకోండి.

అంటే అవమానాన్ని పొడుగ్గా చూపించనే కూడదా? అట్టా కూడా అనలేను. నాగరాజ్ మంజులే తీసిన మరాఠీ సినిమా 'ఫండ్రీ' చూడండి. చివర్లో పంది వేట ఎంతసేపు సాగుతుందో! కానీ నిమిషానికొక కొత్త సంగతి. మొదట ఊరికి అది వినోదం. తర్వాత జబ్యా తను ఇష్టపడే పిల్ల చూస్తుందేమోనని దాక్కుంటాడు. తర్వాత బడిలో జాతీయ గీతం మొదలవుతుంది. పందిని పట్టుకోబోతున్న కుటుంబం కట్టెల్లాగా నిలబడిపోతుంది, పంది మాత్రం దాని దారిన అది పోతుంది. తర్వాత పందిని మోసుకుపోయే దారిలో గోడ మీద అంబేడ్కర్ బొమ్మ. చివరికి ఆ పిల్లాడు విసిరిన రాయి నేరుగా మన మొహం మీదికి. ఇన్ని మలుపులున్నాయి కాబట్టి అది లాగినట్టుండదు. పైగా అక్కడ కెమెరా ఆ పిల్లాడి సిగ్గు వైపు ఉంటుంది, చూసి నవ్వేవాళ్ళ వైపు ఉండదు. నేను రాయించిన సీన్లో కెమెరా కొట్టేవాడి చేతి వెనకాల ఉంది.

ఆయనదే 'ఝుండ్', 2022లో వచ్చింది. మూడు గంటలకి కొంచెం తక్కువ. నిడివి ఎక్కువైందని చాలామంది అన్నారు. రింకూ రాజ్‌గురు పాత్ర, ఒక ఆదివాసీ అమ్మాయి, పాస్‌పోర్ట్ కోసం తండ్రితో కలిసి కాగితాల వెంట తిరిగే భాగాన్ని తీసేయొచ్చు అన్నారు. కుల సర్టిఫికెట్ కోసం మండలాఫీసు చుట్టూ నాలుగు సార్లు తిరిగిన మన పిల్లలెవరూ ఆ మాట అనరు. ఆ తిరుగుడు రెండు షాట్లలో అయిపోతే అది అబద్ధమవుతుంది.

మనకే తెలుగులో ఒక పాఠం ఉంది. 1988లో బి. నర్సింగరావు తీసిన 'దాసి'. గడీలో ఒక దాసి రోజు ఎట్టా గడుస్తుందో చూపిస్తాడు. అర్చన మాట్లాడేది చాలా తక్కువ. ఊడవడం, నీళ్ళు మోయడం, పిలిస్తే పోవడం. ఏ.కె. బీర్ కెమెరా ఎక్కడా తొందరపడదు. ఆ నెమ్మది మనకి ఊపిరాడనివ్వదు. ఆమెకి కూడా ఊపిరాడదు కాబట్టి.

*

పోయిన ఆదివారం పిల్లలతో కూర్చుని రెండు సీన్లూ మళ్ళీ ఎడిట్ చేశాం.

కొట్టే సీన్ ఆరు నిమిషాల నుంచి నలభై సెకన్లకు వచ్చింది. మొదటి దెబ్బ పడగానే కెమెరా అక్కడే పక్కన ఇళ్ళ వైపు తిరుగుతుంది. తలుపులు ఒక్కొక్కటీ వేసుకుంటున్నారు. శబ్దం వినపడుతూ ఉంటది. ఆ తలుపుల సంగతి ముందు సినిమాలో లేదు. అది కొత్తగా తెలిసేది. ఈ ఆలోచన ఇచ్చింది సౌండ్ చూసుకున్న చెల్లి.

కల్లం సీన్ కూడా కోశాం. అవును, కోశాం. మొదట్లో ఎరుపు అరనిమిషం మన కెమెరా పిల్లాడు అందం కోసం పెట్టుకున్నదే. దాన్ని పది సెకన్లు చేశాడు, కొంచెం బాధపడుతూనే. దగ్గు సీన్లో ఇరవై సెకన్లు పోయాయి. నాలుగు నిమిషాలది మూడు నిమిషాల ఇరవై సెకన్లు అయింది. ఇంక తగ్గితే మోచేతులు పోతాయని డైరెక్టర్ తమ్ముడే ఆపాడు. అంటే ఆ జడ్జి మాటలో నలభై సెకన్లంత నిజం ఉంది. అది ఒప్పుకుంటేనే మిగతా మూడు నిమిషాల ఇరవై సెకన్ల కోసం గట్టిగా నిలబడగలం.

సినిమాలు తీసే, తీయాలనుకునే మన పిల్లలకి నేను చెప్పేది ఇంతే. ఎవరన్నా ల్యాగ్ అంటే వెంటనే పౌరుషానికి పోవద్దు, వెంటనే కోసేయనూ వద్దు. గడియారం పెట్టుకుని కూర్చోండి. ప్రతి పదిహేను సెకన్లకీ మీకు కొత్తగా ఏం తెలిసిందో కాగితం మీద రాయండి. గీత ఖాళీగా ఉన్నచోట కత్తెర వేయండి. నిండుగా ఉన్నచోట ఎవరు చెప్పినా వినొద్దు. పోటీకి పంపేముందు పల్లెలో వేయండి. ఎవరు లేచి వెళ్ళిపోయారో, ఎందుకు వెళ్ళారో అడగండి.

మన వినుకొండలో పుట్టిన జాషువా 1941లో 'గబ్బిలం' రాశాడు. తన గోడు చెప్పుకోడానికి గుడిలోకి పోలేనివాడు గబ్బిలానికి చెప్పుకుంటాడు. ఆ గబ్బిలం మధ్యలో ఎక్కడా తొందరపెట్టదు, వింటుంది. మన సినిమాకి కూడా అట్టా వినేవాళ్ళు దొరకాలి. దొరికినప్పుడు వాళ్ళ టైమ్ వృథా చెయ్యకుండా ఉండాల్సింది మాత్రం మనమే.

కొత్త ఎడిట్ 16 నిమిషాలు వచ్చింది. అంబేడ్కర్ జయంతి సాయంత్రం అదే పల్లెలో, అదే చర్చి గోడ మీద వేస్తున్నాం. పెద్దమ్మకి ముందే చెప్పాను. "కొట్టేది తీసేశారా?" అంది. తీసేశామన్నాను. "అయితే పిల్లలతో వస్తా" అంది.

స్కాలర్‌షిప్పుల సంగతి వచ్చే వారం, తప్పకుండా.

జై భీమ్.